రాలాల్సిన కాయలు

“మీ మామగారిని మీరే చంపారా?”

కుర్చీ లాక్కుని పూర్తిగా కూర్చోకముందే అడిగేసింది డేగ. బల్లకి అవతల ఉన్న మనిషి ఉలిక్కిపడ్డాడు. గోడకి ఆనుకుని నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ అంతకంటే ఎక్కువ ఉలిక్కిపడ్డాడు. నిన్న సాయంత్రం నుంచి అతను ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాడే కానీ సూటిగా అడిగింది లేదు మరి.

“లేదు మేడమ్,” అన్నాడు అల్లుడు.

“సరే. అయితే మొదలుపెడదాం.”

డేగ ఆమె అసలు పేరు కాదు. ఈ ప్రైవేటు డిటెక్టివ్‌కి పోలీసులు వెటకారానికి పెట్టిన పేరు. ఆమె ఏడవలేదు, కోప్పడలేదు, దాన్నే కార్డు మీద అచ్చు వేయించుకుంది. ఇన్‌స్పెక్టర్‌కీ ఒక పేరుంది. లక్క! ఎక్కడ ఏ నేరం జరిగినా ముందు తలుపులన్నిటికీ తాళాలు వేసి, తాళాలకి గుడ్డ చుట్టి, లక్క కరిగించి ముద్ర కొట్టేస్తాడు. ఆలోచన ఆ తర్వాత. ఈ పేరు మాత్రం అతను కార్డు మీద వేయించుకోలేదు.

కేసు చూడటానికి చిన్నదే. పత్తి పరిశోధన కేంద్రంలో కొత్త రకాలు తయారుచేసే పెద్ద శాస్త్రవేత్త, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి, తొమ్మిది రోజుల క్రితం పత్తిలోంచి గింజ తీసే మిషను గదిలో చచ్చిపడి ఉన్నాడు. తల వెనక ఒకే ఒక్క దెబ్బ. సాయంత్రం ఐదుకీ ఆరుకీ మధ్య పోయాడన్నాడు డాక్టరు. తెల్లారి వాచ్‌మన్ చూసి ఫోన్ చేస్తే, పనివాళ్లు ఇంకా రాకముందే లక్క దిగిపోయి కేంద్రం మొత్తానికి ముద్రలు కొట్టేశాడు. వారం పైన గాలిస్తే ఎవరూ దొరకలేదు. నిన్న పెద్దాయన అల్లుడినే పట్టుకొచ్చాడు. ఇవాళ నాలుగింటికి కోర్టు.

పొద్దున్నే డేగ తలుపు తట్టింది పెద్దాయన కూతురు. చెప్పులు కూడా సరిగా వేసుకోలేదు. “అక్కా, నాన్న పోయాడు. ఇప్పుడు ఈయన్ని కూడా తీసుకుపోతున్నారు. ఈయన చేశాడంటే నేను నమ్మను. నమ్మలేను. మీరొకసారి చూడండక్కా.” అంతే. డేగ టీ కూడా తాగకుండా బయల్దేరింది.

“ఆ రోజు పొద్దున మీ ఇద్దరికీ గొడవ,” అంది డేగ. “వరండా చివరిదాకా వినిపించిందట. దేని గురించి?”

“దూది గురించి మేడమ్.”

“పత్తి కేంద్రంలో దూది గురించి కాక బంగాళాదుంపల గురించి కొట్టుకుంటారా? సరిగ్గా చెప్పండి.”

అల్లుడు చిన్నగా నవ్వాడు. నీటుగా ఉన్న మనిషి. రాత్రంతా లాకప్‌లో ఉన్నా చొక్కా మడత చెదరలేదు. కేంద్రంలో దూది పరీక్షల గది అతనిదే. ఏ రకం పత్తి అయినా పోగు పొడవెంత, బలమెంత, ముదిరిందా లేదా అని కొలిచి మంచిదో కాదో తేల్చేది అతనే.

డేగ సంచిలోంచి రెండు చిన్న దూది పింజలు తీసి బల్లమీద పెట్టింది. “ఇవేంటో చెప్పండి.”

అతని వేళ్లు ఆగిపోయాయి. “ఇవి ఎక్కడివి?”

“మీ మామగారి సంచిలోవి. పోయిన రోజు మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఓ గుడ్డ సంచి ఇంట్లో పెట్టి వెళ్లారట. మీ ఆవిడ చెప్పింది.”

“ఆ సంచి ఇంట్లోనే ఉందా?”

“మీ అత్తగారి బీరువాలో ఉంది. ఆయన చేత్తో పెట్టిన చివరి వస్తువని ఎవరినీ ముట్టుకోనివ్వట్లేదట. ఈ రెండు పింజలకే మీ ఆవిడ అరగంట బతిమాలింది. ఊఁ, చెప్పండి.”

అతను మొదటి పింజ తీసుకున్నాడు. రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పట్టి లాగి, మడిచి, మళ్లీ లాగి, దువ్వినట్టు పోగులన్నీ ఒకే వైపుకి తెచ్చాడు. చూడముచ్చటగా ఉంది ఆ పని. “ఇది కిందికొమ్మ కాయది. తొలి పూత. లాగి చూడండి.”

డేగ లాగింది. తెగలేదు. ఇంకా గట్టిగా లాగింది. వేలికి కోసుకుంది.

“ఇది పైకొమ్మది. చివర్లో పూసిన పువ్వుది.”

లాగీ లాగకముందే పుటుక్కున తెగిపోయింది! డేగ నోరు తెరుచుకుని చేతిలో రెండు ముక్కల వంక చూసింది. గోడ దగ్గరి లక్క కూడా రెండడుగులు ముందుకొచ్చాడు.

“ఇవి రెండు రకాలా?”

“ఒకే రకం. ఒకే చెట్టు కూడా కావచ్చు. పూసిన రోజు వేరు, అంతే.” ఇప్పుడతని గొంతు ప్రయోగశాల గొంతు అయిపోయింది. “ముందు పూసిన పువ్వుకి ఎండ దొరుకుతుంది, వెచ్చటి రాత్రులు దొరుకుతాయి, చెట్టు తిండంతా దానికే. కాయలో పోగు పొర మీద పొర పేరుకుని గట్టిపడుతుంది. ఆలస్యంగా పూసినదానికి చలి తగులుతుంది. చెట్టు అప్పటికే అలిసిపోయి ఉంటుంది. సగం పూత రాలిపోతుంది, దిగుబడి పోతుంది. నిలబడ్డ కాయలో కూడా పోగు గుల్లగా ఉండిపోతుంది. తెగుతుంది, ఉండలు కడుతుంది, రంగు పట్టదు.”

“ఇది మీరు మంచిదని సంతకం పెట్టిన కొత్త రకమేనా? వచ్చే పంటకి రైతులకి ఇవ్వబోతున్నది?”

“... అదే.”

“మరి ఇందులో గుల్ల దూది ఎలా వచ్చింది?”

“దాని పూతే కొంచెం ఆలస్యం మేడమ్. కాయలు మాత్రం చెట్టు నిండా కాస్తాయి. మామయ్యేమో పైకొమ్మల దూది కూడా కలిపి మళ్లీ పరీక్ష చెయ్యమన్నాడు. మేం నమూనా ఎప్పుడూ కిందికొమ్మలదే తీస్తాం.”

“ఓహో! గ్రూప్ ఫొటోలో అందగాళ్లందర్నీ ముందు వరసలో నిలబెట్టినట్టన్నమాట.”

“అది పద్ధతి మేడమ్.”

“మళ్లీ పరీక్ష చేస్తే రకం పోయేది. రకం పోతే మీకు రాబోయే కొత్త ల్యాబ్ కూడా పోయేది. అవునా?”

లక్క బల్ల మీద గుద్దాడు. “ఇదే కదా నేను మొత్తుకునేది! కారణం కళ్లెదుట కనబడుతోంది. వదిలెయ్యమంటావేంటి డేగా?”

“గారు,” అంది డేగ తల తిప్పకుండానే. “డేగ గారు. కారణం నాకూ కనబడుతోంది. కానీ చంపాలంటే కారణం ఒక్కటే చాలదు ఇన్‌స్పెక్టర్ గారూ, మనిషి కూడా అక్కడ ఉండాలి.” అల్లుడి వైపు వంగింది. “ఐదు నుంచి ఆరు. ఎక్కడున్నారు?”

“వల గదిలో.”

వల గది అంటే చుట్టూ, పైనా సన్నటి వల కట్టి, లోపల మొక్కలు పెంచే చోటు. తేనెటీగ కూడా దూరకూడదు. ఒకటే తలుపు.

“నాలుగున్నరకి వాచ్‌మన్ దగ్గర తాళం తీసుకున్నాను. ఆరున్నరకి ఇచ్చేశాను. మధ్యలో మొగ్గలు ఒలిచాను.”

“దూది పరీక్షలు చేసేవాళ్లకి మొగ్గల పనేంటి?”

“ఆ రోజు చేసేవాళ్లు ఇద్దరు రాలేదు. మామయ్యతో పొద్దున గొడవైంది కదా, కాస్త మంచి చేసుకుందామని నేనే పూనుకున్నాను. రెండు రకాల్ని కలపాలంటే, మర్నాడు పూయబోయే మొగ్గని ముందురోజు సాయంత్రం పట్టుకోవాలి. రేకులు ఒలిచి, పుప్పొడి ఉండే కేసరాలన్నీ గీకేసి, మధ్యలో ఆడ భాగం ఒక్కటే మిగిల్చి, పైన ఎర్ర కాగితం టోపీ తొడిగి కొమ్మకి దారం చుట్టాలి. మర్నాడు పొద్దున పనివాళ్లు వచ్చి టోపీ తీసి, రెండో రకం పుప్పొడి రాసి, తెల్ల టోపీ పెడతారు.”

“మధ్యాహ్నం చెయ్యలేరా ఆ పని?”

“కుదరదు. రేపు పూసే మొగ్గ ఇవాళ మూడు దాటాకే పైకి పొడుచుకొస్తుంది. అంతకుముందు ఏది రేపటిదో తెలియదు. ఒలవబోతే విరిగిపోతుంది.”

“ఎన్ని చేశారు?”

“అరవై. ఒక వరస మొత్తం. ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా రెండు గంటలు పడుతుంది. వెళ్లి లెక్క పెట్టుకోండి, టోపీలు అలాగే ఉంటాయి.” కాస్త ఆగి, బాధగా అన్నాడు. “టోపీలే మేడమ్. లోపలేమీ ఉండదు. మర్నాడు పొద్దున సారు సీలు వేసేశారు కదా, పుప్పొడి రాసేవాళ్లు లేరు. పుప్పొడి అందని పిందె నిలవదు. ఈపాటికి అన్నీ రాలిపోయి ఉంటాయి. మామయ్య చేయించిన చివరి పని కూడా దక్కలేదు.”

డేగకి ఆ మాట గుండెలో ఎక్కడో తగిలింది. లేచి నిలబడింది.

“ఇన్‌స్పెక్టర్ గారూ, అరవై టోపీలు కనిపిస్తే?”

“కనిపిస్తే ఏంటి?”

“ఐదు నుంచి ఆరు దాకా ఇతను వల గదిలో ఉన్నట్టే. కోర్టులో మీరు నవ్వులపాలవుతారు. పైనుంచి మీవాళ్లు ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారని విన్నాను.”

లక్క మీసం నమిలాడు. “కనిపిస్తే వదిలేస్తాను. కనిపించకపోతే ఆ కార్డు చింపి నా చేతికివ్వాలి.”

“ఖాయం. చింపడం ఎందుకు, మింగేస్తాను.”

*

పెద్దాయన కూతురు వల గది ముందే నిలబడి ఉంది. వీళ్లని చూడగానే పరిగెత్తుకొచ్చింది. “ఏమన్నారక్కా? వదులుతామన్నారా?”

“టోపీలు చూశాక వదులుతారట. వల గదిలో మీ ఆయన చేసిన ఆ అరవై.”

ఆమె ఏదో అనబోయి ఆగింది. “ఓ,” అంది. అంతే.

లక్క తాళం ముందు మోకాళ్ల మీద కూర్చుని తన ముద్రని తనే ముద్దుగా చూసుకున్నాడు. “చూడండి డేగ గారూ. గీత పడలేదు, పగుళ్లు లేవు. ఆ రోజు పొద్దున ఏడింటికి నా చేత్తో వేశాను. వలంతా నిన్ననే తడిమి చూశాం, సూది మోపేంత చిరుగు లేదు. నీళ్లు పైపుల్లో వాటంతటవే పారతాయి. ఈ తొమ్మిది రోజుల్లో ఇందులోకి చీమ కూడా దూరలేదు!”

“ఒప్పుకున్నాను. చీమ దూరలేదు. తెరవండి.”

ముద్ర పగిలింది. తలుపు కిర్రుమంది. లోపల్నుంచి ఉడికిన ఆకుల వాసన, వేడి గాలి ఒక్కసారిగా మొహానికి కొట్టాయి. భుజాల ఎత్తు మొక్కలు. తెల్లగా ఇవాళ పూసినవి, గులాబీ రంగుకి తిరిగిన నిన్నటివి, వాడి కింద పడిన మొన్నటివి. ఆ పచ్చదనం మధ్యలో మూడో వరస మొత్తం, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, చిన్న చిన్న ఎర్ర కాగితం టోపీలు!

లక్క వేలు చూపిస్తూ పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. వెనక్కి వచ్చి మళ్లీ లెక్కపెట్టాడు. రెండోసారి పూర్తయ్యేసరికి మొహం వేలాడిపోయింది.

“అరవై,” అన్నాడు గొణుగుతూ.

“గట్టిగా ఇన్‌స్పెక్టర్ గారూ, మొక్కలకి వినబడలేదు.”

“అరవై! సరేనా?” ఫోన్ తీశాడు. “ఆఁ, నేనే. ఆ దూది సారుని పంపించెయ్. అవును, పంపించెయ్యమన్నా. కాగితాలు తర్వాత చూద్దాం.” ఫోన్ జేబులో కుక్కేసుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

గెలిచింది! డేగకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. కూతురి భుజం మీద చెయ్యేసింది. “విన్నావా? మీ ఆయన ఇంటికొచ్చేస్తున్నాడు.”

ఆ భుజం చెక్కలా ఉంది. కూతురి మొహంలో ఏడుపు లేదు, నవ్వు లేదు. చూపు ఎర్ర టోపీల మీదే ఉంది. “ఇక వెళ్దాం అక్కా,” అంది. “అమ్మ ఒక్కతే ఉంది.”

“వెళ్దాం, వెళ్దాం. ఒక్క నిమిషం.”

డేగకి ఒక చెడ్డ అలవాటుంది. ఏ రుజువైనా మరీ చక్కగా సరిపోతే, దాన్నొకసారి గోటితో గీకకుండా ఉండలేదు. దగ్గర్లో ఉన్న టోపీని రెండు వేళ్లతో పట్టుకుంది.

“వద్దక్కా!”

కూతురు అరిచిన అరుపుకి లక్క కూడా తిరిగాడు. కానీ అప్పటికే టోపీ ఊడి డేగ చేతిలోకి వచ్చేసింది.

టోపీ కింద కాయ ఉంది.

ఎండిన తొడిమ కాదు, వాడిన పిందె కాదు. పచ్చగా, నిగనిగలాడుతూ, ఉసిరికాయంత కాయ! వేలితో నొక్కింది. గట్టిగా ఉంది. రెండో టోపీ లాగింది. కాయ. మూడోది. కాయ. నాలుగోది రాలిపోయింది, ఐదోది మళ్లీ కాయ. వరస వెంట పరిగెడుతూ టోపీలు పీకుతోంది. కాయ, కాయ, కాయ...

“ఏంటి, ఏమైంది?” లక్కకి ఏమీ అర్థం కాలేదు. “కాయలున్నాయి. పత్తి చెట్టుకి పత్తికాయలు కాక వంకాయలు కాస్తాయా?”

“ఉండకూడదు!” డేగ గొంతు కీచుమంది. “ఒక్కటి కూడా ఉండకూడదు! ఇందాక ఆయనేం చెప్పాడు? పుప్పొడి అందని పిందె నిలవదన్నాడు. కేసరాలు గీకేశాక ఈ పువ్వులకి సొంత పుప్పొడి లేదు. బయటి పుప్పొడి రాసే మనిషి రాలేదు. వలలోకి తేనెటీగ రాలేదు. తలుపుకి ఎవరి ముద్ర ఉంది?”

“నాది.”

“నమ్మకమైన ముద్రేనా?”

“నా ముద్ర జోలికొస్తే ఊరుకోను!”

“అదే చెబుతున్నా! మీ ముద్ర నిజం. అందుకే ఈ కాయలు అబద్ధం. పుప్పొడి లేకుండా ఇన్ని పువ్వులు కాయలెలా అయ్యాయి?”

లక్క మెల్లగా, ఒక్కో మాటా తడుముకుంటూ అన్నాడు. “టోపీ పెట్టేటప్పటికే... పుప్పొడి పడిపోయి ఉండాలి.”

“శభాష్! అంటే ఇవి మొగ్గలు కావు. అప్పటికే విచ్చుకున్న పువ్వులు. ఆ రోజు పొద్దున పూసి, వాటి పుప్పొడి వాటికే పడిపోయాక, ఎవరో రేకులు పీకి టోపీలు తొడిగారు. పైనుంచి చూస్తే తేడా తెలియదు.”

“అయితే ఏంటి? బద్ధకించి సాయంత్రం పువ్వులకే పెట్టేసి ఉంటాడు. అయినా ఐదింటికి ఇక్కడున్నట్టే కదా?”

ఇన్‌స్పెక్టర్ మంచి ప్రశ్న వేశాడు! డేగ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. “సాయంత్రమైతే రేపటి మొగ్గలు వరసంతా పొడుచుకుని, చేతికి అందేలా నిలబడి ఉంటాయి. వాటిని వదిలేసి వాడుతున్న పువ్వుల్ని ఎవరు వెతుక్కుంటారు? మొగ్గలు దొరకనివాళ్లు. అంటే మూడింటికి ముందు వచ్చినవాళ్లు. ఇవి మధ్యాహ్నం పెట్టిన టోపీలు ఇన్‌స్పెక్టర్ గారూ! పెద్దాయన ఇంకా బతికి ఉండగానే, ఆయన చావుకి సాక్ష్యం తయారైపోయింది.”

“మధ్యాహ్నమంతా అతను ల్యాబ్‌లో ఉన్నాడు,” అన్నాడు లక్క. “పన్నెండు నుంచి నాలుగు దాకా ఆరుగురు చూశారు. నేనే కనుక్కున్నాను. మరి ఇవి పెట్టిందెవరు?”

డేగ నెమ్మదిగా వెనక్కి తిరిగింది.

పెద్దాయన కూతురు రెండు వరసల మధ్య మట్టిలో కూర్చుండిపోయి ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, అవి ఎవరి చేతులో అన్నట్టు చూసుకుంటోంది.

“నేనే,” అంది.

“ఏంటి?” లక్క అరిచాడు.

“నేనే పెట్టానక్కా. ఆ రోజు మధ్యాహ్నం ఆయన ఫోన్ చేశాడు. రేపు పొద్దున్నే ఫొటోలు తీసేవాళ్లు వస్తున్నారు, వరసంతా ఎర్ర టోపీలు కనబడాలి, సాయంత్రం నాకు తీరదు, నువ్వు మూడు దాటాక వెళ్లి మొగ్గలకి పెట్టెయ్, మీ నాన్నకి చెప్పకు, తిడతాడు అన్నాడు. మూడింటిదాకా ఆగితే నాన్న లేచిపోతాడని, ఆయన భోజనం చేసి పడుకోగానే ఆయన తాళాలే తీసుకుని వచ్చేశాను. చిన్నప్పుడు నాన్న నేర్పించాడు నాకీ పని. చకచకా చేసేస్తాను.” మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. “మధ్యాహ్నం కదా, మొగ్గలు రాలేదు. ఫొటోకే కదా అని పువ్వులకే పెట్టేశాను. ఆయనకి చెప్పలేదు కూడా. చెప్పేంత విషయం కాదనుకున్నా.”

“మరి అతను అవి తనే చేశానంటుంటే ఎందుకు ఊరుకున్నావు?” అడిగింది డేగ.

“నిన్న స్టేషన్లో చెబుతుంటే విన్నాను. చిన్న అబద్ధమే కదా, ఎవరు పెడితే ఏంటి, ఏ తప్పూ చెయ్యని మనిషి దాంతో బయటపడతాడు కదా అనుకున్నాను. ఏ తప్పూ చెయ్యలేదనే అనుకున్నానక్కా! మరి సాయంత్రం ఆ రెండు గంటలూ ఆయన ఎక్కడున్నాడని... ఒక్కసారి కూడా...” ఆమె అరచేతులు తిప్పి చూసుకుంది. “నాన్న నేర్పిన పనితోనే... నా చేతుల్తోనే...”

డేగ పక్కన కూర్చుని ఆ రెండు చేతుల్నీ పట్టుకుంది. మంచులా ఉన్నాయి. పద్ధతి ప్రకారం మర్నాడు పనివాళ్లు వచ్చి పుప్పొడి రాసేసి ఉంటే, పువ్వైనా మొగ్గైనా కాయే కాసేది, ఎవరికీ ఎప్పటికీ అనుమానం వచ్చేది కాదు. లక్క పొద్దున్నే వచ్చి అడ్డమైన తలుపుకల్లా ముద్ర కొట్టకపోయి ఉంటే! ఇన్నాళ్లూ తను చూసి నవ్విన ఆ ముద్రే...

ముద్ర. స్టేషన్. పంపించెయ్.

“ఇన్‌స్పెక్టర్!” అని కేకపెట్టి లేచింది. “ఆపండి! వదలొద్దని చెప్పండి!”

లక్క అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. అతని మొహం తెల్లబోయింది. “వెళ్లిపోయాడు. పది నిమిషాలైందంట. చెయ్యి కలిపి, థాంక్స్ చెప్పి మరీ వెళ్లాడట.” ఫోన్ దించాడు. “ఎక్కడికెళ్తాడు? పారిపోతాడా?”

పారిపోడు. డేగకి తెలుసు. స్టేషన్ బల్ల మీద ఆగిపోయిన ఆ వేళ్లు కళ్లముందు కదిలాయి. ‘ఆ సంచి ఇంట్లోనే ఉందా?’ అని ఎంత మామూలుగా అడిగాడు! ఎవరి దగ్గరుందో తనే నోరారా చెప్పింది. పైకొమ్మల దూది. కొత్త రకం గుట్టు మొత్తం ఆ గుడ్డ సంచిలో ఉంది. సంచి అత్తగారి దగ్గరుంది. ఆవిడ ఇంట్లో ఒక్కతే ఉంది.

“మీ అమ్మకి ఫోన్ చెయ్. తలుపు గడియ పెట్టుకోమను. తొందరగా!”

కూతురు ఫోన్ తీసింది. నంబరు నొక్కేలోపే అది మోగింది. తెర మీద ‘అమ్మ’ అని ఉంది.

“హమ్మయ్య,” అన్నాడు లక్క.

కూతురు ఫోన్ ఎత్తి స్పీకర్ నొక్కింది. “అమ్మా...”

“నేనే,” అంది అతని గొంతు. ప్రశాంతంగా, నీటుగా. “ఇంటికొచ్చేశాను. అత్తయ్య నా పక్కనే ఉన్నారు. మీ నాన్న సంచి అడిగితే ఇవ్వనంటున్నారు. బీరువాకి వీపు ఆనించి నిలబడ్డారు. నువ్వొక మాట చెప్పు.”

వెనక ఎక్కడో ముసలి గొంతు, “దానికెందుకు చెప్పడం, నేనివ్వను, నా మాట విను బాబూ,” అంటోంది.

లక్క ఒక్క ఉదుటున గుమ్మం దాటాడు. బయట జీపు స్టార్టయిన చప్పుడు. డేగ ఫోన్ వైపు వేలు చూపించి, పెదాలు కదపకుండా చేత్తోనే సైగ చేసింది. మాట్లాడు. ఆపకుండా మాట్లాడు. ఏమీ తెలియనట్టు మాట్లాడు.

కూతురు ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. డేగ చూస్తుండగానే ఆమె మొహంలో ఏదో మారింది. చెయ్యి చాచి పక్క కొమ్మనున్న పచ్చికాయని తెంపి గుప్పిట్లో బిగించింది.

“అమ్మని కంగారు పెట్టకండి,” అంది. “నేను వచ్చి ఇప్పిస్తాను. దార్లోనే ఉన్నాను. మీరు స్నానం చెయ్యండి, రాత్రంతా లాకప్‌లో ఉన్నారు కదా.”

“వల గది తెరిచారట కదా,” అన్నాడతను. “చూశారా?”

“చూశారండీ. అరవై ఉన్నాయి. లెక్క సరిపోయింది.”

“టోపీలు తీశారా? లోపలేముంది? అన్నీ రాలిపోయాయా?”

ఆమె గుప్పిట విప్పి చూసుకుంది. అరచేతిలో కాయ పచ్చగా, నిండుగా, బరువుగా ఉంది.

“రాలిపోయాయండీ,” అంది. “అన్నీ రాలిపోయాయి.”